మస్టర్డ్ గ్యాస్‌లో ఆవాలు ఉంటాయా?

ఒక్క గింజ కూడా ఉండదు, అది యుద్ధంలో వాడిన విషం. వాసన ఆవాలనో వెల్లుల్లినో గుర్తు చేస్తుందని ఆ పేరు పెట్టారు. నిజానికి అది గ్యాసు కూడా కాదు, గంధకం, క్లోరిన్ ఉన్న నూనెలాంటి ద్రవం. 1917 జులైలో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం మొదటిసారి ప్రయోగించింది. తగలగానే నొప్పి తెలియదు, కొన్ని గంటలయ్యాక ఒళ్లు బొబ్బలెక్కుతుంది, కళ్లు మండుతాయి.

మన ఆవాల ఘాటు సంగతి వేరు. గింజ నలిగి తడి తగిలితేనే ఒక ఎంజైము పనిచేసి అల్లైల్ ఐసోథయోసయనేట్ అనే ఘాటు పదార్థం తయారవుతుంది. తిరుపతిలో పులిహోర తిరగవాతలో చిటపటలాడే ఆవాలు ముక్కుకెక్కకపోవడానికి కారణం ఇదే, కాగిన నూనెలో ఎంజైము చచ్చిపోతుంది. అదే చిత్తూరు మామిడికాయ ముక్కలకు పచ్చి ఆవపిండి పట్టించి ఊరగాయ పెట్టండి, జాడీ మూత తీస్తే కళ్లలో నీళ్లే! పంటగా మాత్రం ఆవాలు మన వైపు తక్కువ, ఇది వేరుశనగ సీమ. చలికాలం పంట కాబట్టి రాజస్థాన్‌లో ఎక్కువ పండిస్తారు.

ఇంకో విచిత్రం ఉంది. మస్టర్డ్ గ్యాస్‌కు దగ్గరి చుట్టమైన నైట్రోజన్ మస్టర్డ్ తెల్లరక్తకణాలను తగ్గిస్తుందని గమనించి, 1940లలో లింఫోమా (ఒక రకం తెల్లరక్తకణాల క్యాన్సర్) రోగులకు ఇచ్చారు. ఇప్పటి కీమోథెరపీకి మొదలు అదే.