అంగీకార పత్రంపై సంతకం చేశాక ఇన్‌ఫెక్షన్ వస్తే ఆస్పత్రిని ప్రశ్నించవచ్చా?

ప్రశ్న: పాప్ స్మియర్‌లో (గర్భాశయ ముఖద్వారం కణాల పరీక్షలో) తేడా కనిపించిందని 14 నెలల క్రితం ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నాకు గర్భాశయ ముఖద్వారం నుంచి కొంత కణజాలాన్ని లీప్ పద్ధతిలో (విద్యుత్తుతో వేడెక్కే సన్నటి తీగ ఉచ్చుతో కోసి) తొలగించి, అదే రోజు ఇంటికి పంపారు. ఆరో రోజున దుర్వాసనతో తెల్లబట్ట, జ్వరం మొదలయ్యాయి. ఫోన్ చేస్తే నర్సు ‘ఇది మామూలే’ అన్నది. మర్నాడు వాట్సాప్‌లో సందేశం పెట్టినా అదే జవాబు. 11వ రోజు రాత్రి తీవ్ర రక్తస్రావమై వేరే ఆస్పత్రిలో 4 రోజులు ఉన్నాను. ఇప్పుడు నెలసరిలో భరించలేని నొప్పి వస్తోంది. ముఖద్వారం ఇరుకైందని డాక్టరు చెప్పారు. మొదటి ఆస్పత్రివారు ‘మీరు సంతకం పెట్టారు కదా’ అంటున్నారు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. అయితే ఇన్‌ఫెక్షన్ వచ్చిందన్న ఒక్క కారణంతో వేస్తే ఆ కేసు నిలవదు. యోనిలో సహజంగానే సూక్ష్మజీవులుంటాయి కాబట్టి, అక్కడ చేసిన గాయానికి ఎంత జాగ్రత్త తీసుకున్నా కొందరికి ఇన్‌ఫెక్షన్ సోకుతుంది. దీన్ని వైద్యశాస్త్రం ముందే తెలిసిన ఇబ్బందిగా లెక్కిస్తుంది. లీప్ తర్వాత కొన్ని వారాలు గోధుమరంగు స్రావం కావడం, పది రోజుల ప్రాంతంలో గాయంపై పొక్కు ఊడి రక్తం కనిపించడం కూడా ఉన్నవే. ఆస్పత్రి తరఫు న్యాయవాది వీటన్నిటినీ ఏకరువు పెడతారు.

ఆయన దాటలేనిది మీ వాట్సాప్ సందేశం. ‘వాసన భరించలేకపోతున్నాను, నిన్నటి నుంచి 101 జ్వరం’ అని మీరు రాసిన వాక్యం, దాని కింద ఆస్పత్రి నంబరు నుంచి వచ్చిన ‘మామూలే, తగ్గుతుంది’ అన్న జవాబు, తేదీ, సమయంతో సహా మీరు పంపిన ఫొటోలో స్పష్టంగా ఉన్నాయి. దుర్వాసన, జ్వరం ఆ ‘మామూలు’లోకి రావు. ఆ రెండూ విన్న తర్వాత రోగిని పిలిపించి పరీక్షించకపోవడం, కనీసం విషయాన్ని ఆపరేషన్ చేసిన డాక్టరు దాకా చేరవేయకపోవడం సేవా లోపం కిందకే వస్తుంది. చాలామంది మహిళలు సంకోచంతో ‘కొంచెం ఇబ్బందిగా ఉంది’ అని సరిపెడతారు. అలా చెప్పి ఉంటే ఆస్పత్రికి తప్పించుకునే దారి దొరికేది. మీరు విడమరచి రాయడమే ఈరోజు మీకు అండ.

ఇక సంతకం సంగతి. మీ అంగీకార పత్రంలో ‘వివరించిన ప్రమాదాలు’ అన్న గీత ఖాళీగా ఉంది; దాని కింద ‘అన్ని ప్రమాదాలూ నాకు వివరించారు’ అన్న వాక్యం మాత్రం అచ్చయి ఉంది. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు, చికిత్స స్వరూపం, దానివల్ల రాగల ముఖ్యమైన ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు రోగికి తెలిసిన తర్వాత ఇచ్చినదే చెల్లుబాటయ్యే అంగీకారమని చెప్పింది. పైగా సంతకం చికిత్సకు అనుమతి మాత్రమే. తర్వాతి నిర్లక్ష్యాన్ని మాఫీ చేసే పత్రం కాదు. కొన్ని వారాలు లైంగిక సంబంధానికి దూరంగా ఉండాలని, టాంపన్లు వాడకూడదని మీకు రాతపూర్వకంగా చెప్పారో లేదో డిశ్చార్జి చీటీలో చూడండి. చెప్పకపోతే, మీరే జాగ్రత్తలు పాటించలేదన్న వాదన వారి నోట బలహీనపడుతుంది.

ముఖద్వారం ఇరుకు కావడం గురించి మాత్రం మీకు నచ్చని మాట చెప్పాలి. ఇన్‌ఫెక్షన్ రాకపోయినా, ఏ తప్పూ జరగకపోయినా ఈ ఆపరేషన్ తర్వాత కొందరిలో మచ్చ కట్టి ద్వారం ఇరుకవుతుంది. చికిత్స ఆలస్యం కావడం వల్లే మీకిలా అయిందని స్త్రీవైద్య నిపుణులు రాసి ఇస్తే తప్ప ఆ భాగానికి పరిహారం రాబట్టడం కష్టం. రెండో ఆస్పత్రి ఖర్చు, ఆ రోజుల్లో పోయిన జీతం, పడిన బాధ విషయంలో అంత చిక్కు లేదు. అయినా అక్కడి కల్చర్ రిపోర్టు (ఏ సూక్ష్మజీవి సోకిందో తేల్చే పరీక్ష ఫలితం), కేస్ షీట్ జతచేయాలి. అందులో రక్తస్రావానికి ఇన్‌ఫెక్షనే కారణమని రాసి ఉంటే, ఫోన్ చేసిన రోజుకూ ఆస్పత్రిలో చేరిన రోజుకూ మధ్య లంకె కుదిరినట్టే.

మొదటి ఆస్పత్రి రికార్డుల కోసం వెంటనే లిఖితపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. వాట్సాప్ సందేశాలను తొలగించకండి, ఫోను మార్చకండి. వాటి ప్రతులకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేస్తే తర్వాత అభ్యంతరాలు రావు.

డబ్బు చెల్లించి పొందిన వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, గడువు 2 సంవత్సరాలు. ఆపరేషన్ తేదీ నుంచి లెక్కిస్తే మీకింకా 10 నెలలే ఉన్నాయి. క్రిమినల్ కేసు ఆలోచన వద్దు. డాక్టర్లపై దానికి తీవ్రమైన నిర్లక్ష్యం రుజువు కావాలని 2005లో జేకబ్ మాథ్యూ తీర్పు స్పష్టం చేసింది, మీ విషయం అక్కడి దాకా పోదు. రాష్ట్ర వైద్య మండలికి విడిగా ఫిర్యాదు చేయవచ్చు గానీ అక్కడ పరిహారం రాదు.

ముందుగా ఆస్పత్రికి లీగల్ నోటీసు పంపండి. అందులో ఇన్‌ఫెక్షన్ ఎందుకొచ్చిందన్న చర్చతో కాక, ఆరో రోజు చేసిన ఫోనుతో మొదలుపెట్టండి.