ఐరాకి చెల్లెలి పేరు వెతుకుతున్న అమ్మలుకి

అమ్మలూ,

స్కాన్‌లో అంతా బాగుందన్నారనీ, ఈసారి కూడా పాపేననీ మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. వినగానే దేవుడి దగ్గర దీపం పెట్టాను. తర్వాత మాటల్లో మాటగా, పేరు కూడా అనుకున్నారట, ఐరాకి చెల్లెలు ఐలా అట అంది. దాంతో రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నవ్వకు. నిన్ను చూస్తే గర్వంగానే ఉంది. పెళ్లయిన కొత్తలో పాలు పొంగించకుండా కాచడం రాని పిల్లవి. ఇప్పుడు బ్రిస్బేన్‌లో ఎవరి సాయమూ లేకుండా ఒక పిల్లని పెంచుతూ, ఉద్యోగం చేసుకుంటూ, రెండో కాన్పుకి అన్నీ నువ్వే సిద్ధం చేసుకుంటున్నావు. అందుకే ఫోన్ చేసి అరవకుండా ఉత్తరం రాస్తున్నా. ఫోన్‌లో అయితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు.

ముందు నీకు తెలిసినవే చెప్పేస్తాను. పాప పుట్టిన 60 రోజుల్లోపు రిజిస్ట్రేషన్ చేయించాలి. అది ఉచితమే, సర్టిఫికెట్‌కే డబ్బు కట్టాలి. పేరులో అంకెలు, గుర్తులు ఒప్పుకోరు. కింగ్, ప్రిన్సెస్ లాంటి బిరుదులూ ఒప్పుకోరు, ఈ మాట అల్లుడుగారికి ప్రత్యేకంగా చెప్పు. రేపు పాస్‌పోర్టులో, ఓసీఐ కార్డులో స్పెల్లింగ్ ఒకేలా ఉండాలి. అంతే.

ఆ 60 రోజుల సంగతి మాత్రం కాస్త ఆలోచించు. నువ్వేమో పాప కడుపులో ఉండగానే పేరు ఖాయం చేసి, బేబీ షవర్‌కి బోర్డు కూడా రాయించేలా ఉన్నావు. నక్షత్రం ఏమొస్తుందో ఎవరికి తెలుసు? కృత్తిక అయితే అ, ఇ, ఉ, ఎ. రోహిణి అయితే ఒ, వా, వీ, వూ. నీకు ఆ పట్టింపు లేకపోవచ్చు, మీ అత్తగారికి ఉంది. ఇరవై ఒకటో రోజు బారసాల చేసుకున్నా ఇంకా నెల పైన గడువుంటుంది. ఆస్పత్రిలో కట్టే పట్టీ మీద ఎలాగూ నీ పేరు రాసి, ఫలానా ఆవిడ బిడ్డ అనే ఉంటుంది. పేరు లేదని పిల్లని ఇంటికి పంపకుండా ఉండరు. ఇక్కడి ఆస్ట్రేలియా వాళ్లలోనూ చాలామంది పేరు అనుకున్నా పుట్టేదాకా బయటపెట్టరు. ముందే చెబితే చూడొచ్చిన ప్రతివాళ్లూ మూతి విరుస్తారని వాళ్లకి తెలుసు. నాలాంటి పెద్దమ్మలు వాళ్లకీ ఉంటారుగా!

తొందరపడి ఏదో ఒకటి రాసి పారేసినా తంటాయే. 2023లో న్యూ సౌత్ వేల్స్‌లో ఒక టీవీ జర్నలిస్టు, పేరు తిరస్కరిస్తే వాళ్లు సొంతంగా ఏ పేరు పెడతారో చూద్దామని, తన కొడుక్కి ఒక మత్తుమందు పేరు రాసి పంపింది. తీరా చూస్తే అదే రిజిస్టరైపోయింది! తర్వాత మార్పించుకుంది లే. ఎవరో ఒకరు చూసి ఆపుతారులే అనుకోకూడదని చెప్పడానికే ఇది రాశాను.

ఇప్పుడు అసలు విషయం. ఐలా పేరు చెడ్డదని నేననను. ముచ్చటైన పేరే. కానీ మెల్‌బోర్న్‌లో చైల్డ్‌కేర్‌లో పనిచేసినన్నాళ్లూ నా చేతులతో టోపీల మీద, మంచినీళ్ల బాటిళ్ల మీద, బ్యాగులు తగిలించే కొక్కేల మీద పిల్లల పేర్లు అంటించినదాన్ని. టోపీ లేకపోతే ఆటకి పంపరు కాబట్టి టోపీ మీద పేరు తప్పితే ఆ రోజంతా గొడవే. ఆలివర్లు ఇద్దరుంటే ఒకడు ఆలివర్ బి., ఇంకొకడు ఆలివర్ టి. షార్లెట్లూ అంతే, అమీలియాలూ అంతే. ఇప్పుడు ఐలాలు. నువ్వు ఎవరికీ లేని పేరు అనుకుంటున్నావేమో, రేపు బడిలో మొదటి తరగతి, ప్రెప్‌లో నీ కూతురు ఐలా ఆర్. అవుతుంది. ఇంకో సంగతి, దాని స్పెల్లింగ్ ఐ-ఎస్-ఎల్-ఏ. వాట్సాప్‌లో చూసి మన ఊళ్లో అందరూ ఇస్లా అని చదువుతారు. మీ మామగారు ఫోన్‌లో "ఇస్లా తల్లీ" అంటుంటే ప్రతిసారీ దిద్దుతావా?

పేర్లకీ ఒక కాలం ఉంటుంది. నేను వచ్చిన కొత్తలో నాతో పనిచేసిన ఆడవాళ్లంతా కైలీలు, షారన్‌లు, నరెల్‌లు. ఇప్పుడు వాళ్లు నాయనమ్మలు, ఆ పేర్లు పసిపిల్లలకి ఎవరూ పెట్టడం లేదు. వాళ్ల అమ్మమ్మల పేర్లు మాత్రం మళ్లీ వచ్చాయి: ఎల్సీ, మేబెల్, ఐవీ, హేజల్. మనకి సుబ్బమ్మ, వెంకాయమ్మ ఎప్పుడు తిరిగొస్తాయో మరి.

అన్నాచెల్లెళ్లకి, అక్కాచెల్లెళ్లకి పేర్లు కలపడంలో వాళ్ల పద్ధతి నాకు నచ్చుతుంది. మనం శబ్దం కలుపుతాం. రమ్యకి సౌమ్య, శ్రావణికి శ్రావ్య. వాళ్లు కాలం, తీరు చూసుకుంటారు. చార్లీకి చెల్లెలు మటిల్డా, హెన్రీకి చెల్లెలు ఐవీ, థియోకి హేజల్. అన్నీ ఒకే బుట్టలోంచి తీసినట్టే ఉంటాయి, కానీ మొదటి అక్షరం వేరు, చివర వేరు. జాక్‌కి చెల్లెలు పుడితే జిల్ అని పెట్టరు, అందరూ నవ్వుతారని. ఒకసారి పెరట్లోకి వెళ్లి రెండు పేర్లూ గట్టిగా పిలిచి చూస్తారు. పిలిస్తే ఎవరిని పిలిచారో తెలియాలి. అందరూ తెలివైనవాళ్లేనని కాదు. ముగ్గురికి జె తో పేర్లు పెట్టి నాలుగోవాడికి వెతుక్కున్నవాళ్లనీ చూశాను. మామూలు జాక్సన్‌ని జె-ఏ-ఎక్స్-ఓ-ఎన్ అని రాసి ఆ కుర్రాడితో జన్మంతా స్పెల్లింగ్ చెప్పించేవాళ్లనీ చూశాను.

నా నిద్ర ఎందుకు పోయిందో ఇప్పుడు చెప్తా. సిడ్నీలో మా తోడికోడలి కవలలు గుర్తున్నారా? నీకు పెళ్లిలో గజ్జెల పట్టీలు తెచ్చినవాళ్లు. వాళ్లు పుట్టినప్పుడు మా మామగారు తెనాలి నుంచి నీలం రంగు ఏరోగ్రామ్‌లో పేర్లు రాసి పంపారు: హర్షిత, హర్షిణి. ఇంట్లో అందరికీ ఎంత సంబరమో! హెలెన్స్‌బర్గ్ గుళ్లో అర్చన చేయించి, పక్కపక్కనే రెండు ఉయ్యాలలు వేశారు. ఒకే ఇంటిపేరు, ఒకే పుట్టినరోజు, రెండు పేర్లలోనూ మొదటి ఆరు ఇంగ్లిష్ అక్షరాలూ అవే. ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. పుట్టినరోజు కేకు మీద ఎంత అందంగా ఉండేదనుకున్నావు.

వాళ్లకి మూడో ఏడు నడుస్తుండగా ఇద్దరికీ ఒకేసారి జ్వరం, చెవిపోటు. హర్షిణికి పెన్సిలిన్ పడదు, అప్పటికే ఒకసారి ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. డాక్టరు హర్షితకి అమాక్సిసిలిన్, అదీ పెన్సిలిన్ జాతిదే, హర్షిణికి వేరే మందు రాశాడు. మందుల షాపులో రెండు సీసాల మీదా లేబుల్ అంటించి ఇచ్చారు. ఇంటిపేరు, పక్కన హెచ్ అనే అక్షరం, అంతే. ఏది ఎవరిదో మా తోడికోడలికి తెలుసు, ఆ పూటకి. రాత్రి రెండింటికి, రెండు రోజులుగా కన్ను మూయని మనిషి, చీకట్లో ఫ్రిజ్ తలుపు వెలుగులో సీసా తీసింది. మా మరిది మంచం మీద నుంచే "హర్షికి మందు పట్టావా?" అని అడిగాడట. ఈవిడ "ఆఁ పట్టాను" అంది. ఇద్దరూ హర్షీలేగా!

కాసేపటికి హర్షిణి పెదవులు వాచాయి. మెడ మీద దద్దుర్లు. ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు ట్రిపుల్ జీరోకి ఫోన్ చేసి మాట్లాడుతుంటే, అవతల వాళ్లు పాప పేరు అడిగితే మా తోడికోడలు రెండో దాని పేరు చెప్పిందట. మళ్లీ దిద్దింది. మళ్లీ తప్పు చెప్పింది. అంబులెన్స్ త్వరగా వచ్చింది, పిల్ల బతికింది, దేవుడి దయ. మర్నాడు నేను మెల్‌బోర్న్ నుంచి వెళ్లేసరికి మా తోడికోడలు రెండు సీసాలూ బల్ల మీద పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది. ఆవిడ తప్పని నేను ఒక్కనాడూ అనలేదు, నువ్వూ అనకు. నిద్రలేని తల్లి చేతిలో ఒకేలాంటి సీసాలు రెండు పెడితే ఎవరికైనా అంతే.

తర్వాత కూడా ఆ పేర్లు వాళ్లని వదల్లేదు. స్కూల్లో ఒకరి రిపోర్టు ఇంకొకరి బ్యాగులోకి వచ్చేది. ఇక్కడివాళ్లు ఏ పేరునైనా కోసేస్తారని నీకు తెలుసుగా, షారన్ అయితే షాజా, బ్యారీ అయితే బాజా, డేవిడ్ అయితే డేవో. వీళ్లిద్దరినీ హార్ష్ అనేవాళ్లు. ఇంగ్లిష్‌లో దానికి కఠినం అని అర్థం, ఆడపిల్లలకి పిలుపు! ఒకరేమో పెద్ద హార్ష్, ఇంకొకరు చిన్న హార్ష్. పదిహేడు నిమిషాల తేడాకి చిన్నదాన్ని జన్మంతా చిన్నదాన్నే చేశారు. పద్దెనిమిది నిండగానే హర్షిణి తనంతట తానే ఫారం నింపి నీనా అని మార్చుకుంది. మా తోడికోడలు ఏడ్చింది. మామగారు అప్పటికి లేరు కాబట్టి సరిపోయింది. నేను మాత్రం ఆ పిల్లని ఒక్క మాట అనలేదు. ఇప్పుడు అక్కాచెల్లెళ్లిద్దరూ ఎంత బాగుంటారో చూశావుగా.

ఐరా, ఐలా. ఒక్క అక్షరమే తేడా, అమ్మలూ. కవలలు కాదుగా, పుట్టినరోజులు వేరుగా అంటావు. నిజమే. కానీ రాత్రి రెండింటికి పుట్టినరోజు ఎవరు చూస్తారు? లేబుల్ మీద ఇద్దరూ "ఐ" లే. మా అమ్మ, మీ అమ్మమ్మ, మనలో ఎవరినైనా పిలవాలంటే ముందు మీ అమ్మ పేరు, తర్వాత నా పేరు, తర్వాత మామయ్య పేరు అన్నీ వరసగా పిలిచి, చివరికి అసలు మనిషి దగ్గరికొచ్చేది. మా పేర్లకి ఒకదానితో ఒకదానికి పోలికే లేదు, అయినా అంతే. ఆవిడ రక్తమే నీలోనూ ఉంది, నువ్వు నన్ను రెండుసార్లు "అమ్మా" అని పిలిచి నాలుక కరుచుకున్నావు.

మైరా అంటావేమోనని ముందే చెబుతున్నా, అదీ వద్దు. తారా కూడా వద్దు, అదీ "రా" తోనే ముగుస్తుంది. వేద బాగుంటుందనుకున్నా గానీ, ఇక్కడివాళ్లు వీడా అంటారు. ఆడపిల్లని పట్టుకుని "వీడా" అంటే మన ఇంట్లో నవ్వు ఆగదు. మీనా, మాయ, కావ్య, లీల... ఇవి ఇక్కడా నోరు తిరుగుతాయి, అక్కడా తిరుగుతాయి. ఫణి లాంటివి అసలు తలపెట్టకు, ఇక్కడ వాళ్ల చెవికి అదొక బూతు. నక్షత్రం ప్రకారం వేరే అక్షరం వస్తే అప్పుడు చూద్దాం. ఏ పేరైనా ఐరా పక్కన పెట్టి చూడకముందు విడిగా పిలిచి చూడు. అది రేపు ఒక్కతే ఉద్యోగానికి వెళ్లి తన పేరు చెప్పుకోవాలి. అప్పుడు పక్కన అక్క ఉండదు.

ఇంకొకటి. అమ్మమ్మ పేరు పెట్టాలని ఉందిగానీ సుభద్ర మరీ పాతగా ఉంటుందేమోనని మీ అమ్మతో అన్నావట. ఆ మాట విని నాకు కళ్లు చెమర్చాయి, నీకు ఆవిడ అంతగా గుర్తుందని అనుకోలేదు. ఇక్కడివాళ్లు మధ్య పేరు ఉంచుకునేది అందుకే. నాయనమ్మ రోజ్ అయితే మనవరాలి మధ్య పేరు రోజ్, తాత విలియం అయితే మనవడి మధ్య పేరు విలియం. ఆ పేరుని ఎవరూ కొయ్యరు, ఎవరూ పిలవరు, తల్లికి కోపం వచ్చినప్పుడు తప్ప. లీలా సుభద్ర అనుకో. అల్లరి చేసినప్పుడు "లీలా సుభద్రా!" అని నువ్వు కేకేస్తే, అమ్మమ్మని పేరు పెట్టి గద్దించినట్టు ఉంటుందని ముందే బెంగపడకు. ఆవిడకి అందులో మహా సరదాగా ఉండేది.

పనిలో పని, ఐరాని ఎత్తుకుని మెట్లు ఎక్కుతున్నావని అల్లుడుగారు చెప్పారు. సిగ్గు లేదూ నీకు? అది నడవగలదు, నడవనీ. సామాను కూడా ఆయన్నే మోయమను.

నొప్పులు మొదలైతే వేళాపాళా చూడకుండా ఫోన్ చెయ్యి, టికెట్ ఆ పూటే కొంటాను. రిజిస్ట్రేషన్ ఫారం నింపాక, పంపే ముందు పేరు, మధ్య పేరు, ఇంటిపేరు కనిపించేలా ఫోటో తీసి నాకు పెట్టు. కళ్లజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చూస్తాను. ఐలానే పెడతానని మొండికేస్తే, ఐరా మందు సీసా మూతకి ఎర్ర దారం కట్టు, చిన్నదాని సీసాకి పసుపు దారం. దారం ఉండలు ఈ వారమే పోస్టులో పంపిస్తున్నా.

మీ పెద్దమ్మ