పాప కాళ్ళ గురించి వీధిలో పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి. పాపకి ఆరేళ్ళు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల కదలిక పట్టు తప్పడం). రెండు కాళ్ళకీ స్ప్లింట్లు (కాలిని పట్టి ఉంచే ప్లాస్టిక్ తొడుగులు), వాకర్ పట్టుకుని నడుస్తుంది. వీధిలో పిల్లలు దాని ముందే "దీని కాళ్ళేటి ఇలగున్నాయి?" అని అడుగుతున్నారు. వాళ్ళ నోరు ఎలా మూయించాలి?

మూయించకండమ్మా. పాపని నొప్పించేది ఆ ప్రశ్న కాదు. అడిగిన పిల్లాడి జబ్బ పట్టుకుని వాళ్ళమ్మ "ష్, అలా అడక్కూడదు" అని లాక్కుపోతుంది చూడండి, అదీ నొప్పించేది. ఈ కాళ్ళ సంగతి నలుగురిలో అనకూడనిదని ఇద్దరు పిల్లలకీ ఆ లాగుడుతోనే తెలిసిపోతుంది. ఆ పిల్లాడు మళ్ళీ అడగడు. ఆటకీ పిలవడు.

మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా పిల్లలు అడిగేవి తిప్పి తిప్పి మూడే. నొప్పా? నాకూ వస్తాదా? ఎప్పుడు తగ్గుతాది? ఈ మూడింటికీ జవాబు దొరికితే చాలు, నాలుగో నిమిషానికి గోలీల్లో పడిపోతారు. జవాబు పొట్టిగా ఉండాలి, నిజమై ఉండాలి. "పుట్టినప్పుడు మెదడుకి దెబ్బ తగిలింది. కాళ్ళకి మెదడు పంపే కబురు సరిగ్గా అందదు, అందుకే బిగుసుకుంటాయి. ఇది ఎవరికీ అంటదు." నెలలు నిండకుండా పుట్టడమో, కామెర్లు ముదరడమో, మీ పాప విషయంలో డాక్టర్లు ఏం చెప్పారో ఆ మాటే వాడండి. నొప్పి లేదని ఒట్టు పెట్టకండి. కండరాలు బిగుసుకునే పిల్లలకి సాయంత్రానికి పిక్కలు లాగుతాయి. "ఎక్కువ నడిస్తే నొప్పెడతాది, ఇప్పుడు లేదు" అంటే సరి. తగ్గుతుందా అంటే, "తగ్గదు, కానీ మెదడుకి తగిలిన దెబ్బ పెరగదు. రోజూ వ్యాయామం చేస్తే నడక సులువవుతాది" అనండి.

"జబ్బు" అన్న మాట ఆ వయసు పిల్లల దగ్గర వాడొద్దు. వాళ్ళకి జబ్బంటే జలుబు, జ్వరం, అంటుకునేవి. "కింద పడిపోయింది" అన్నారా, విన్న పిల్ల అరుగు మీంచి దూకడానికే భయపడుతుంది. గ్రహణం మాట అసలే వద్దు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందని తల్లి మీద పెట్టిన నిందని పదేళ్ళ పిల్లలు పాప ముందే అప్పజెబుతారు.

జవాబు పాప నోట వస్తే అందరికంటే మేలు. మాట నిదానంగా వచ్చే పిల్లయితే అడిగినవాళ్ళతో "దాన్నే అడుగు, కాస్త ఆగి విను" అనండి. మనసులో పది లెక్కపెట్టేదాకా మీరు అందుకోకండి. మన దగ్గర ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. వీధిలో గడగడా చెప్పిన పిల్ల బళ్ళో "తో గోడ కణ హెలా?" (నీ కాలికేమైంది?) అనగానే తెల్లమొహం వేస్తుంది. వాళ్ళేమో దీనికి మాటలే రావనుకుంటారు. అవే మూడు వాక్యాలు ఒడియాలో కూడా వల్లె వేయించండి. ఒడియా బాగా వచ్చిన పొరుగింటి పిల్ల చేత నేర్పిస్తే ఇంకా త్వరగా పట్టుబడుతుంది. చెప్పాలనిపించని రోజు "ఇవాళ చెప్పను" అనే హక్కు కూడా పాపకి ఉండాలి. మీరు ఆ మాట కాదని పక్కనుంచి చెప్పేయకండి.

బడి తెరిచిన మొదటి వారంలోనే, తరగతి పిల్లలతో మాట్లాడటానికి టీచరుని పది నిమిషాలు అడగండి. ఏం చూపించొచ్చో, ఏం వద్దో ముందురోజు రాత్రే పాపతో మాట్లాడుకోండి. కాలికి తొడిగిన స్ప్లింట్ విప్పించకండి. పొట్టైపోయిన పాతది పట్టుకెళ్ళండి. పిల్లలు ఎదుగుతారు కాబట్టి ఏడాది లోపే ఒక జత పనికిరాకుండా పోతుంది, అది పారేయకుండా దాచండి. ప్లాస్టిక్ షీటుని వేడిచేసి కాలి అచ్చు మీద పరిచి చేస్తారని చెప్పి చేతికివ్వండి. చేతులు దూర్చుకుంటారు, వెల్క్రో చరచరా లాగుతారు, తల మీద పెట్టుకుంటారు. పెట్టుకోనివ్వండి. ముట్టుకున్న వస్తువంటే భయం పోతుంది.

తర్వాత తొడిగే పద్ధతి చూపండి. బడిలో విప్పి తొడగాల్సి వస్తే పనికొస్తుంది కాబట్టి ఇది టీచరు కోసం కూడా. స్ప్లింట్ కంటే పొడుగ్గా, ముడతల్లేకుండా నూలు సాక్సు. మోకాలు వంచి, మడమ పూర్తిగా వెనక్కీ కిందికీ ఆనిందాకా అదిమి, ముందు చీలమండ పట్టీ బిగించాలి, ఆ తర్వాతే పిక్క పట్టీ. ఎక్కువమంది పిక్క పట్టీ ముందు వేస్తారు. మడమ పైకి లేచి, పుండు పడేది అక్కడే. విప్పాక కనిపించే ఎర్రటి చార ఇరవై, ముప్పై నిమిషాల్లో పోవాలి. పోకపోతే ఆ స్ప్లింట్ తొడగడం ఆపి చేసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలి. మన ఉక్కకి మధ్యాహ్నం సాక్సు మార్చాల్సిందే. సంచిలో ఒక జత అదనంగా ఉంచండి. బూట్లు ఒక సైజు పెద్దవి కొని లోపలి అట్ట తీసేస్తే పడతాయి.

వాకర్ విషయంలో పిల్లలకి ఒక్కటే కట్టుబాటు: పాప పట్టుకుని ఉండగా ఎవరూ తొయ్యకూడదు, వేలాడకూడదు. సాయం చేయబోయి వెనకనుంచి తోస్తారు, పాప బోర్లా పడుతుంది. పాప కూర్చున్నప్పుడు, అది సరేనంటే, ఒక్కొక్కరినీ నాలుగడుగులు నడవనివ్వండి. వాకర్ కాళ్ళ కింద రబ్బరు బుష్‌లు అరిగాయేమో వారానికోసారి చూడండి. నున్నటి బండల మీద జారేది వాటివల్లే.

నడకని అనుకరించే పిల్లల గురించి కూడా అడుగుతారని చెబుతున్నా. అయిదేళ్ళవాడు పాపలా మునివేళ్ళ మీద నడిచి చూస్తే అది వెక్కిరింత కాదు, ఎలా ఉంటుందో తెలుసుకోవడం. "కష్టంగా ఉందా?" అని అడగండి, వాడే చెబుతాడు. పదేళ్ళవాడు పక్కవాళ్ళని చూసి నవ్వుతూ చేస్తే అది వెక్కిరింతే. అక్కడ ఓర్పు పనికిరాదు, పేరు పెట్టి పిలిచి ఆపించాలి, టీచరుకి ఆ రోజే చెప్పాలి.

నన్నడిగితే పెద్దవాళ్ళే అసలు సమస్య. పెళ్ళిళ్ళలో "అన్నం తినకపోతే ఆ పాపలా అయిపోతావు" అని తమ పిల్లలకి మీ పాపని చూపించి భయపెట్టేవాళ్ళుంటారు. ఊరుకోకండి. "అన్నం మానితే ఇలా అవరు పిన్నీ, పాప చక్కగా తింటుంది" అని అందరికీ వినబడేలా అనండి. చుట్టరికం చెడితే చెడనివ్వండి.

మీరు అడక్కపోయినా ఇంకొకటి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ దాకా దగ్గరి బడిలో ఉచితంగా చదువుకునే హక్కుంది. "మిగతా పిల్లలు భయపడతారు" అని హెడ్మాస్టరు అంటే దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. పాతపట్నం దాటి శ్రీకాకుళమో, విశాఖో వైద్యానికి వెళితే "ఒడిశా వికలాంగ సర్టిఫికెట్ ఇక్కడ ఆంధ్రాలో చెల్లదు" అనేవాళ్ళు తగులుతారు. అదే చట్టం 58వ సెక్షన్ ప్రకారం ఆ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. పింఛను మాత్రం మీరు నివాసముండే రాష్ట్రంలోనే అడగాలి. యూడీఐడీ కార్డుతో (వికలాంగుల జాతీయ గుర్తింపు కార్డు) పాటు ఆ సెక్షన్ కాగితం కూడా ఫైల్లో పెట్టుకుని వెళ్ళండి.