2147483647 ప్రధాన సంఖ్య అని ఎలా తేల్చారు?

హైదరాబాద్ జీపీఓ పిన్‌కోడ్ 500001 ప్రధాన సంఖ్య కాదని, అంకెల మొత్తం 6 కనుక 3తో నిశ్శేషంగా భాగించవచ్చని, చూడగానే తెలిసిపోతుంది. 2147483647 అంత సులువుగా లొంగదు. అయితే ఇది 2³¹ − 1 కావడం కలిసివచ్చింది: దీనికి ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే, దానిని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలి. వర్గమూలం 46341కి లోపే కనుక, అంతవరకు ఉన్న సుమారు 4,800 ప్రధాన సంఖ్యలలో పరీక్షించవలసినవి వందలోపే మిగులుతాయి, వాటిలో ఏదీ దీనిని నిశ్శేషంగా భాగించదు. 1772లో వెలువడిన గణితవేత్త ఆయిలర్ ఫలితం ఈ దారిలో వచ్చినదే.

దీనిని 2³⁰తో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య, అంటే తనను మినహాయించి మిగతా భాజకాలన్నిటి మొత్తానికి సమానమైన సంఖ్య, వస్తుంది. మాదాపూర్ ప్రోగ్రామర్లకు ఇది రుణ సంఖ్యలనూ అనుమతించే 32 బిట్ల పూర్ణాంకపు గరిష్ఠ విలువగా పరిచయమే, కానీ ఆ హద్దుకు ప్రధానత్వంతో సంబంధం లేదు.