కనజావా తెరామాచిలో నింజా గుడి ఒక్కటి చూస్తే చాలా?

మీకు జపాన్‌లోని కనజావాలో ఒక్క పూటే ఉందన్నారు, వెంట ఐదేళ్ల బాబు. అక్కడి గుళ్ల పేట తెరామాచిలో నింజా గుడి చూసి వచ్చేస్తే సరిపోతుందా అని అడిగారు. నేను వెళ్లొచ్చిన అనుభవంతో చెబుతున్నాను, సరిపోదండి.

ముందు టెన్షన్ పెట్టే విషయం. ఆ గుడి అసలు పేరు మ్యోర్యూజి. ఇంకా బడిలో చేరని పిల్లల్ని లోపలికి రానివ్వరు. మీలో ఒకరు చూస్తుంటే ఇంకొకరు బాబుతో బయట ఉండాల్సిందే. ముందే బుక్ చేసుకోవాలి, లోపల ఫొటోలు తీయనివ్వరు.

నింజాలకీ ఆ గుడికీ సంబంధం లేదు. 1643లో అక్కడ దాన్ని కట్టించింది ఈ ప్రాంతాన్ని ఏలిన మయెదా వంశపు మూడో ప్రభువు తోషిత్సునే. బయటికి రెండంతస్తులే, లోపల నాలుగు. మెట్ల దారులే 29! వాటిలో ఒకటి నేను ఎప్పటికీ మర్చిపోలేను. మెట్టుకీ మెట్టుకీ మధ్య నిలువుగా చెక్కకి బదులు కాగితం ఉంటుంది. పైకెక్కే శత్రువు కాళ్ల నీడ దాని మీద పడగానే వెనక దాక్కున్నవాడు ఈటెతో పొడవాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, అప్పట్లో జపాన్ మొత్తాన్ని ఏలుతున్న తొకుగావా వంశాన్ని మినహాయిస్తే దేశంలో అంత సంపన్నులు మయెదాలే. తొకుగావాలు ఎప్పుడు అనుమానించి మీద పడతారోనన్న భయం. అందుకే కోటకి ఇవతల, సాయి నది దాటాక మిట్ట మీద గుళ్లన్నీ ఒక్కచోట చేర్చారు. అవి దాదాపు 70. పెద్ద ఆవరణలు, గోడలు ఉన్నాయి కాబట్టి యుద్ధమొస్తే సైన్యం అక్కడే దిగొచ్చు. ఆ యుద్ధం రానే లేదు. రెండో ప్రపంచ యుద్ధంలోనూ ఈ ఊరి మీద బాంబులు పడలేదు. 2012లో ప్రభుత్వం ఈ గుళ్ల పేటని పరిరక్షణ ప్రాంతంగా గుర్తించింది. వీధి మొత్తం నడిస్తేనే ఇదంతా ఒక రక్షణ వరస అని తెలుస్తుంది.

దగ్గర్లోనే గన్నెన్‌జి ఉంది, చిన్న గుడి. 1689లో హైకూ కవి బషో తన శిష్యుణ్ణి కలుద్దామని ఈ ఊరొచ్చి, అతను అప్పటికే పోయాడని విన్నాడు. ఆ దుఃఖంలో చెప్పిన హైకూని (మూడు పాదాల చిన్న జపాన్ కవిత) అక్కడ రాతి మీద చెక్కారు. నన్నడిగితే నింజా గుడి కంటే అక్కడే ఎక్కువసేపు నిలబడాలి.

చాలా గుళ్లలో ఇప్పటికీ పూజలు జరుగుతాయి, కుటుంబాల సమాధులుంటాయి. తలుపు వేసి ఉంటే తోసుకుని వెళ్లకండి. శనివారమైతే సాయంత్రం ఆరింటిదాకా ఆగండి, గుళ్ల గంటలు మోగుతాయి.

గొడుగు తప్పనిసరి, అక్కడ వాన ఎప్పుడొస్తుందో చెప్పలేం. స్టేషన్ నుంచి బస్సెక్కి హిరోకోజిలో దిగండి. తిరిగొచ్చేటప్పుడు మెలికలు తిరిగే డబ్ల్యూ-జాకా మెట్ల మీదుగా నది ఒడ్డుకి దిగితే బాబుకి పరిగెత్తే చోటు దొరుకుతుంది.