గ్యాలన్ లెక్కల దగ్గర బిడ్డను ఒంటరిగా వదలకండి

చెల్లీ, మీ బాబు క్వార్టుల (ఇక్కడ ద్రవాలు కొలిచే గ్యాలన్‌లో నాలుగో వంతే క్వార్టు) లెక్క తెస్తే మీరో జవాబు, మీవారో జవాబు చెప్పారని రాశారు. కంగారుపడకండి. అమెరికా వచ్చిన కొత్తలో మేమూ ఇక్కడే తడబడి, నెగ్గుకొచ్చాం. ఏ తరగతిలో ఏం చెబుతారో మీ స్కూలువాళ్ళ సైటులో ఉంటుంది, చూసుకోండి. మా ఇంట్లో జరిగింది మాత్రం నేనే చెప్పాలి.

మా పాప నాలుగో తరగతిలో ఉండగా 3 క్వార్టులకు ఎన్ని కప్పులని అడిగింది. నాకు తెలిసింది లీటరే. క్వార్టు 0.946 లీటరు, కప్పు 0.237 లీటరు అని వేసి, గుణించి, భాగించి 11.97 తేల్చాను. జవాబు 12. క్వార్టుకు 4 కప్పులు, అంతే.

రెండోసారి తీసివేత. 5 గ్యాలన్ల 1 క్వార్టులోంచి 2 గ్యాలన్ల 3 క్వార్టులు పోవాలి. ఒకటిలో మూడు పోదు కదా, అలవాటు కొద్దీ పది అప్పు తెచ్చాను. 2 గ్యాలన్ల 8 క్వార్టులని రాయించాను. ఎనిమిది క్వార్టులంటేనే రెండు గ్యాలన్లు, అదీ గమనించలేదు! ఇక్కడ గ్యాలన్ విడదీస్తే వచ్చేది నాలుగే. నాలుగూ ఒకటీ అయిదు, అందులో మూడు పోతే రెండు. 2 గ్యాలన్ల 2 క్వార్టులు.

మర్నాటి నుంచి పాప పుస్తకం పట్టుకుని పైగదిలోకి వెళ్ళిపోయింది. "నీకు రాదులే అమ్మా" అంది. పగలంతా మాట్లాడే మనిషి లేని ఇంట్లో నాకున్నది ఆ సాయంత్రపు గంటే. అదీ పోయింది. మార్కులు మళ్ళీ వస్తాయి చెల్లీ, మూసుకున్న ఆ తలుపు తెరుచుకోవడానికి నాకు నెలలు పట్టింది. నా భయమంతా మీకూ అలా అవుతుందేమోనని.

చివరికి ఖాళీ గ్యాలన్ డబ్బా, కొలత కప్పు సింకు దగ్గర పెట్టి పాపను పిలిచాను. నీళ్ళు తనే పోసింది. రెండు కప్పులు పైంటు, రెండు పైంట్లు క్వార్టు, నాలుగు క్వార్టులు గ్యాలన్. పోసే ముందు ఒకే ప్రశ్న వేసేదాన్ని: "అంకె పెరుగుతుందా, తగ్గుతుందా?" చిన్న గిన్నెతో కొలిస్తే ఎక్కువసార్లు ముంచాలి, కాబట్టి గుణకారం. పెద్దదాంతో అయితే భాగహారం. ఇది చేతికి తెలిశాక పట్టీ బట్టీ పట్టక్కర్లేదు.

ఔన్సు దగ్గర జాగ్రత్త. ద్రవాలకు ఫ్లూయిడ్ ఔన్సు వేరు, బరువు ఔన్సు వేరు. కప్పుకు 8, గ్యాలన్‌కు 128 ఫ్లూయిడ్ ఔన్సులు. ఫోనులో వెతికితే బ్రిటిష్ పట్టీలూ వస్తాయి. వాళ్ళ పైంటు 568 మిల్లీలీటర్లు, ఇక్కడిది 473.

ఈ శనివారం మీవారినీ సింకు దగ్గరికి పిలవండి. పదహారు కప్పులూ బాబే పొయ్యాలి, బాబే పైకి లెక్కపెట్టాలి. తప్పు లెక్కపెడితే మీరు అందించకండి, డబ్బా నిండేదాకా పక్కనే నిలబడండి.