మా నాన్న హమాలీ అని క్లాసులో చెప్పాలా?

ప్రశ్న: సార్, హనుమకొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో సమాజ సేవ, దాతృత్వం మీద ఒక కోర్సు ఉంది. క్లాసంతా కొంత డబ్బు పోగుచేసి ఎవరికివ్వాలో తేల్చాలి. అంతకుముందు ప్రతి ఒక్కరూ తాము సాయం పొందిన ఒక సంఘటన చెప్పాలట. మా నాన్న వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ. నా ఇంటర్ ఫీజు ఆయనతో బస్తాలు మోసేవాళ్లు తలా కొంత వేసి కట్టారు. అది చెబితే అందరూ జాలిగా చూస్తారని టెన్షన్‌గా ఉంది. ఈ కోర్సుతో కెరీర్‌కు ఏమైనా ఉపయోగం ఉందా?

జవాబు: అమ్మా, చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా నీ ఇష్టం. మార్కుల కోసం ఇంటి విషయాలు బయటపెట్టాల్సిన పనిలేదు. ఇష్టం లేకపోతే లెక్చరర్‌తో విడిగా మాట్లాడి వేరే సంఘటన ఎంచుకో.

నన్నడిగితే మాత్రం చెప్పమంటాను. కొన్నేళ్ల కిందట ఇలాంటి క్లాసులోనే కూర్చున్నాను. పెద్దాసుపత్రిలో రోగులకు పండ్లు పంచుదామని అందరూ దాదాపు ఖాయం చేసుకున్నారు. అప్పుడు ములుగు వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి లేచి, వాళ్లమ్మను ఆసుపత్రిలో చేర్చినప్పుడు పదకొండు రోజులు వరండాలో పడుకున్న సంగతి చెప్పాడు. "అమ్మకు ఆసుపత్రి వాళ్లే అన్నం పెట్టేవారు, నాకే ఉండేది కాదు. పక్క మంచం దగ్గరున్న పెద్దమ్మ తన సద్దిలో సగం పెట్టేది" అన్నాడు. పండ్ల మాట మళ్లీ రాలేదు. ఆ డబ్బుతో రోగుల వెంట ఉండేవాళ్లకు రాత్రి భోజనం పెట్టారు. తర్వాతి వారం ఇంకో నలుగురు అడగకుండానే తమ సంగతులు చెప్పారు. హాస్టల్ పిల్లలు ఒకవైపు, ఇళ్ల నుంచి వచ్చేవాళ్లు ఒకవైపు కూర్చునే క్లాసు అది. ఆ నెలాఖరుకు టిఫిన్ బాక్సులు కలిసే తెరిచారు. సాయం తీసుకున్న చెయ్యి తమ మధ్యే ఉందని తెలిశాక, ఎవరికి ఏం కావాలో ముందు అడగాలన్న ఆలోచన వాళ్లకు దానంతటదే వచ్చింది.

జాలి గురించి అన్నావు. నీ కథలో పేదరికం గురించి రెండు ముక్కలు చాలు. మిర్చి ఘాటుకు దగ్గుతూ బస్తాలు మోసినవాళ్లు పక్కవాడి బిడ్డ చదువు తమదే అనుకున్నారు చూడు, అది వివరంగా చెప్పు. హార్వర్డ్‌లో మార్షల్ గాంజ్ అనే అధ్యాపకుడు కథను మూడు భాగాలుగా చెప్పడం నేర్పుతారు: నా కథ, మన కథ, ఇప్పుడు చేయాల్సింది. నీ కథకు అది సరిగ్గా సరిపోతుంది. చివర్లో, క్లాసు డబ్బు ఎవరికి చేరాలని నీకనిపిస్తుందో చెప్పు.

ఇక కెరీర్. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ పనులు చూసే విభాగాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో ఉద్యోగాలుంటాయి. ఆసక్తి ఉంటే డిగ్రీ అయ్యాక పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి, సోషల్ వర్క్‌లో పీజీ అయిన ఎంఎస్‌డబ్ల్యూ చేయవచ్చు. ఈలోగా ఎన్‌ఎస్‌ఎస్‌ (జాతీయ సేవా పథకం)లో చేరి రెండేళ్లలో 240 గంటల సేవ పూర్తి చెయ్యి. ఈ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో "ఈ రంగమే ఎందుకు?" అని తప్పకుండా అడుగుతారు. నీ దగ్గర నిజమైన జవాబుంది.

క్లాసులో చెప్పేముందు ఒకసారి నాన్నకు వినిపించు, ఆయన సరేనంటేనే చెప్పు. ఎవరెవరు ఎంత వేశారో ఆయనకే బాగా గుర్తుంటుంది.